తప్పుచోట చప్పట్లు

డాక్టర్ పాంఫిల్ తన జన్మలో ఒక్కసారైనా కచేరీలో సరైన చోట చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు.

ఇది గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదు. దానూబు ఒడ్డునున్న ఆ రొమేనియా పట్టణంలో, నెలకో ఆదివారం సాయంత్రం సాంస్కృతిక భవనానికి వెళ్లే ప్రతివాళ్లకూ తెలిసిన సంగతే. సింఫనీకి మామూలుగా నాలుగు భాగాలుంటాయి. ఒక భాగం అయ్యాక వాద్యగాళ్లు తీగలు సవరించుకుంటారు, బృంద నాయకుడు నుదురు తుడుచుకుంటాడు, జనం అంతవరకు ఆపుకున్న దగ్గులన్నీ దగ్గేస్తారు. అంతే. చప్పట్లు నాలుగూ ముగిశాకే. పాంఫిల్ మాత్రం మొదటి భాగం ఆఖరి స్వరం ఇంకా గాలిలో ఉండగానే మొదలుపెట్టేవాడు. రెండోదాని తర్వాతా అంతే, మూడోదాని తర్వాతా అంతే. తీరా అంతా ముగిసి హాలు హాలంతా లేచి చప్పట్లు కొడుతుంటే, ఆయన కుర్చీ కింద వంగి టోపీ వెతుక్కునేవాడు.

పోనీ సుతారంగా కొట్టేవాడా అంటే అదీ లేదు. ఆయన పశువుల డాక్టరు. అడ్డం తిరిగిన దూడల్ని లాగి లాగి ఆయన అరచేతులు రొట్టెల పెనాల్లా తయారయ్యాయి. ఆ రెండూ కలిశాయంటే తడి బల్లను బండకేసి కొట్టినట్టుండేది. రాజధాని నుంచి వచ్చిన ఒక పియానో కళాకారుడు ఆ చప్పుడు విని కచేరీ అయిపోయిందనుకుని, లేచి నమస్కారం పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. ఇంకా రెండు భాగాలున్నాయని చెప్పి వెనక్కి పిలుచుకురావడానికి మనిషిని పంపాల్సి వచ్చింది. అప్పటికే ఆయన ఒక బూటు విప్పేశాడట.

డాక్టరు పక్క కుర్చీ లియోంటినాది. అది ఆవిడ ఖర్మ. ఊళ్లో బడిపిల్లలకు తరాల తరబడి సంగీతం చెప్పి రిటైరైన మనిషి. స్వరం తప్పితే చెక్క స్కేలుతో వేళ్ల మీద ఒక్కటి ఇచ్చేది. సంగీతం అంటే ఆవిడకు సగం దేవుడు. మిగతా సగం దేవుడి మాట ఆ కమ్యూనిస్టు సర్కారు రోజుల్లో బయటికి అనకూడదు.

మొదట్లో లియోంటినా నెమ్మదిగానే చెప్పి చూసింది.

"డాక్టరు గారూ, ఇదిగో చూడండి, నాలుగు వేళ్లు. నాలుగూ ముడుచుకున్నాకే చప్పట్లు."

"చూశానమ్మా."

"మరి ఒక వేలు ముడవగానే ఎందుకు కొట్టారు?"

"టీచరమ్మా, మా ఆవు కవల దూడల్ని ఈనుతోందనుకోండి. రెండోది వచ్చేదాకా మొదటిదాన్ని మెచ్చుకోకుండా ఉంటామా?"

"ఇది గొడ్లపాక కాదండీ."

"అవును. గొడ్లపాక ఇంతకంటే వెచ్చగా ఉంటుంది."

ఆ మాట మాత్రం నిజమే. ఆ చలికాలాల్లో సర్కారు హాలును వెచ్చబెట్టే పొయ్యిలు ఆర్పేసింది. దీపాలు కూడా మూడింట ఒకటే వెలిగేది. జనం ఓవర్‌కోట్లు, శాలువలు, చెవులమీదికి దించిన బొచ్చుటోపీలతో బస్తాలు పేర్చినట్టు కూర్చునేవాళ్లు. వయొలిన్ వాళ్లు వేళ్లు కత్తిరించిన చేతితొడుగులు వేసుకుని వాయించేవాళ్లు. బాకా ఊదేవాళ్ల నోటి ఆవిరి వాళ్ల పాటకంటే ముందే హాల్లోకి వచ్చేది. పొద్దంతా పాల కోసం, కోడికాళ్ల కోసం, ఒక్కోసారి దేనికోసమో తెలియకుండానే క్యూల్లో నిలబడిన మనుషులు సాయంత్రం వచ్చి అక్కడ కూర్చునేవాళ్లు. వేరే ఎక్కడికి పోతారు? టీవీ వచ్చే రెండు గంటలూ దేశాన్నేలే ఆ ఒక్క పెద్దమనిషే కనబడేవాడు.

చలి చూసి లియోంటినాకు ఉపాయం తట్టింది. పాత స్వెట్టర్ విప్పేసి, ఆ ఊలుతో డాక్టరుకు దిండ్లంత మందం చేతితొడుగులు అల్లి ఇచ్చింది. వాటితో ఎంత కొట్టినా చప్పుడు రాదని ఆవిడ లెక్క. డాక్టరు కళ్లు చెమర్చాయి. కచేరీ మొదలవగానే తొడుక్కున్నాడు. మొదటి భాగం ముగింపుకు వస్తుండగా నిదానంగా కుడిది విప్పాడు, ఎడమది విప్పాడు, రెండూ మడిచి ఆవిడ ఒళ్లో పెట్టాడు, ఫటఫటా మొదలుపెట్టాడు.

"ఎందుకు విప్పారండీ?" ఆవిడ పళ్లబిగువున అడిగింది.

"ఇంత మంచి ఊలు అరిగిపోదూ?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. కాదు, శంఖం ఊదేవాళ్ల ముందు చెవిటివాడు చప్పట్లు కొట్టినట్టయింది.

ముందు వరసలో సాంస్కృతిక శాఖ అధికారి స్త్రోయె కూర్చునేవాడు. అతనికి సంగీతం పడదు. వాద్యం మొదలైతే నిద్రపోయి, ఆగితే మేలుకునేవాడు. మేలుకున్నప్పుడు మాత్రం మెడ తిప్పి, ఎవరు ఎవరి చెవిలో ఏం చెబుతున్నారో, ఎవరి ముఖం ఎలా ఉందో వరసవరసా చూసేవాడు. అతని కళ్లు తమ వరసకు రాగానే అందరూ ఒకేసారి సంగీతాన్ని ఆస్వాదిస్తున్నట్టు ముఖాలు పెట్టేవాళ్లు, సంగీతం ఆగి ఉన్నా సరే.

నవంబరు కచేరీలో లియోంటినా ఓపిక చచ్చింది. ఆ రోజు కార్యక్రమంలో అన్నీ ఉన్నాయి. మాతృభూమి మీద ఒక గొంతు చించుకునే పాట, ఒక వాల్ట్జు నాట్యగీతం, చివర తంత్రీవాద్యాల కోసం రాసిన ఒక నెమ్మది రచన. ఆ రచనకు మధ్యలో ఒక చోట అందరూ తీగల మీంచి విల్లులు ఎత్తి ఆగిపోతారు. ఊపిరి బిగబట్టినట్టుండే మౌనం అది. ఆ మౌనం కోసమే లియోంటినా నెల రోజులుగా ఎదురుచూస్తోంది. ఆ చోటు వచ్చింది. విల్లులు లేచాయి. ఆవిడ కళ్లు మూసుకుంది.

ఫట్, ఫట్, ఫట్.

పెద్ద వయొలిన్‌లాంటి చెలో వాయించే మనిషి అదిరిపడి ముందే అందుకున్నాడు. వయొలిన్లు ఒకటి అటు, ఒకటి ఇటు. బృంద నాయకుడు చేతులు దించేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. లియోంటినా తిన్నగా భవనం మేనేజరు నికీఫోర్ గదికి వెళ్లింది.

"ఆ మనిషి కుర్చీ మార్చండి. వీలైతే ఊరు మార్చండి."

నికీఫోర్ భయస్తుడు. ఫిర్యాదు తన గదిలో ఒక రాత్రి నిద్రచేసినా తన మెడకు చుట్టుకుంటుందని అతని నమ్మకం. కుర్చీ మార్చడం లాంటి సగం పనులు ఎందుకని, డాక్టరు టికెట్టే రద్దుచేసి, ఇకమీదట కచేరీలకు రావద్దని కబురు పంపాడు. లియోంటినా అంత కోరలేదు. కాని కాదనీ అనలేదు. చలికాలంలో ఎవరికి ఎక్కువ మాటలు ఖర్చుపెట్టే ఓపిక ఉంది?

డిసెంబరు కచేరీకి ఆవిడ పక్క కుర్చీ ఖాళీ. చేతిసంచీ పెట్టుకోవడానికి చోటు దొరికింది. మొదటి భాగం అద్భుతంగా సాగింది, అద్భుతంగా ముగిసింది. తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో ఎవరూ దగ్గనైనా దగ్గలేదు. ఇదీ కచేరీ అంటే, అనుకుంది లియోంటినా.

అప్పుడు వినిపించింది. వెనకెక్కడో, తలుపు సందులో ఇరుక్కున్న కుక్కపిల్ల మూలుగులాంటి శబ్దం. ఆగి, మళ్లీ. వాద్యం మొదలవగానే అది మునిగిపోయింది.

లియోంటినాకు రెండో భాగం వినబడలేదు. నెమ్మదిగా తల తిప్పి చూసింది. రెండు వరసల వెనక, స్తంభం పక్కన, తపాలా ఆఫీసు వెటూరియా. బూడిదరంగు శాలువ అంచును నోట్లో కుక్కుకుని కూర్చుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కళ్లు మాత్రం వేదిక మీద, క్లారినెట్ వాళ్ల దగ్గర, ఎవరూ కూర్చోని ఒక కుర్చీ మీద ఉన్నాయి.

ఆ కుర్చీ లివియుది. వెటూరియా ఒక్కగానొక్క కొడుకు. లియోంటినా దగ్గరే స్వరాలు నేర్చుకున్నాడు, స్కేలు దెబ్బలూ తిన్నాడు. రెండేళ్ల కిందట ఒక శరత్కాలపు రాత్రి దానూబు ఈది అవతలి దేశానికి పోబోయాడు. సగం నదిలో సరిహద్దు కాపలావాళ్ల తుపాకీ గుండు తగిలింది. శవాన్ని మూసిన పెట్టెలో తెచ్చిచ్చారు. చర్చి గంట మోగించొద్దన్నారు, బ్యాండు వద్దన్నారు. తల్లిని పిలిచి, ద్రోహి కోసం నలుగురిలో ఏడిస్తే అదీ ద్రోహమే అవుతుందనీ, ఉద్యోగమూ ఇల్లూ రెండూ చూసుకొమ్మనీ చెప్పారు. ఇంట్లో ఏడుద్దామంటే గోడలు పల్చన. పక్కింటివాళ్లు నెమ్మదస్తులే, కాని చెవులున్నవాళ్లు. ఊరంతా ఆవిణ్ణి చూస్తే పక్కకు తప్పుకునేది. ఇక మిగిలింది నెలకో ఆదివారం, డోళ్లూ బాకాలూ మోగే ఈ హాలు. వాద్యం సాగినంతసేపు ఆవిడ ఏడ్చుకోవచ్చు. కాని ఏడుపుకు తాళం తెలియదు కదా. వాద్యం ఆగినంత మాత్రాన అది ఆగదు.

లియోంటినా పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూసింది. ఇన్నాళ్లూ ఆ మౌనాలన్నిట్లో, ఆ విల్లులు ఎత్తి పట్టిన చోట కూడా, ఈ శబ్దం ఉండే ఉంటుంది. దాన్ని తను ఎప్పుడూ వినలేదు. ఎందుకు వినలేదో ఇప్పుడు తెలిసింది.

రెండో భాగం ముగింపుకు వస్తోంది. వయొలిన్లు సన్నగిల్లుతున్నాయి. ముందు వరసలో స్త్రోయె తల ఇంకా ఛాతీమీద వాలి ఉంది. అది ఇంకొంచెంసేపట్లో లేస్తుందని ఆవిడకు తెలుసు. తనకున్నదల్లా చిన్న పింఛను, ఒక గది, ఇంట్లో నేర్చుకునే నలుగురు పిల్లలు. ఆ పిల్లల్ని రావద్దనడానికి స్త్రోయె ఒక్క మాట చాలు. లియోంటినా తొడుగులు విప్పింది. ఆఖరి స్వరం ఆగింది. స్త్రోయె తల లేచింది. వెనక శాలువలోంచి ఆ మూలుగు మొదలైంది.

జీవితమంతా పిల్లల వేళ్లమీద కొట్టి మరీ ఏది తప్పని చెప్పిందో, ఆ తప్పు చోటే, లియోంటినా చప్పట్లు కొట్టింది.

ఎండు రెమ్మలు విరిచినట్టు బలహీనమైన చప్పట్లు. హాలంతా తిరిగి చూసింది. ఆవిడ ఆపలేదు. పక్క వరసలో రొట్టెల దుకాణం మనిషి, ఒకప్పటి ఆవిడ శిష్యుడే, పెళ్లాం చెవిలో అన్నాడు, "టీచరమ్మే కొడుతోందంటే ఇది కొట్టాల్సిన చోటే అయ్యుంటుంది." అతను కొట్టాడు. అతని పెళ్లాం కొట్టింది. వెనక ఇంకెవరో అందుకున్నారు. చిన్నప్పుడు తిన్న స్కేలు దెబ్బలు ఆ ఊళ్లో చాలామందికి ఇంకా గుర్తున్నాయి. ఆవిడ చేసినట్టు చేయకపోతే మళ్లీ తగులుతాయని భయం కాబోలు. బృంద నాయకుడు తెల్లబోయి అందరివైపూ చూశాడు.

కచేరీ అయ్యాక మెట్ల దగ్గర స్త్రోయె ఆపాడు.

"ఏంటి టీచరు గారూ, మీకూ డాక్టరు జబ్బు అంటుకుందా?"

లియోంటినా గొంతు పాఠం చెప్పే గొంతే. "చలి, కామ్రేడ్. చేతులు కొంకర్లు పోయాయి."

"హాలు వెచ్చగా ఉందనే రికార్డయింది."

"అయితే నా చేతులే అబద్ధం చెబుతున్నాయి. వాటికి వయసైపోయింది, పట్టించుకోకండి."

ఆ సంభాషణ ఇంకొంచెం సాగితే పొయ్యిలు ఎందుకు వెలగలేదో తను మాట్లాడాల్సి వస్తుందని తోచింది కాబోలు, స్త్రోయె కాలరు పైకెత్తుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే లియోంటినా ఊరి చివర సహకార పశుశాలకు నడిచి వెళ్లింది. డాక్టరు ఒక ఆవు వెనక కూర్చుని దాని గిట్టలోంచి ముల్లేదో లాగుతున్నాడు.

"తెలిసిందా?" అన్నాడు, తల ఎత్తకుండానే.

"ఎప్పటినుంచి కొడుతున్నారు?"

"ఆవిడ మొదటిసారి వచ్చిన కచేరీ నుంచీ. అంతకు ముందు నేను అసలు కచేరీలకే రాలేదు కదా. ఆ వేళ ఎవరో టికెట్టు పారేసుకుంటే దొరికిందని వచ్చాను. నా బతుకంతా నొప్పి చెప్పుకోలేని ప్రాణుల దగ్గరే గడిచిందమ్మా. ఆ మూలుగు హాల్లో ఎవరికి వినబడకపోయినా నాకు వినబడుతుంది."

"మరి ఎప్పుడు ఆగుతుందో ముందే మీకెలా తెలిసేది? ఆఖరి స్వరం ఉండగానే అందుకునేవారు."

"ఇంట్లో గ్రామఫోను రికార్డులున్నాయి. లేనివి మీ బడి లైబ్రేరియన్ని బతిమాలి తెచ్చుకునేవాణ్ణి. ఎక్కడ ఆగుతుందో బట్టీపట్టుకుని వచ్చేవాణ్ణి. నవంబరుది మాత్రం మూడు రాత్రులు విన్నాను. చాలా అందమైన మౌనం అది. పాడుచేయడానికి నా ప్రాణం ఒప్పుకోలేదు. కాని ఏం చేస్తాం."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఈ ఊళ్లో ఇద్దరికి తెలిసిన సంగతి ముగ్గురికి తెలిసినట్టే. ఆ మూడోవాడు ఎప్పుడూ స్త్రోయెనే." ఆవు కాలు వదిలి ఆవిడవైపు చూశాడు. "నిన్న ఎవరైనా కొట్టారా?"

"నేనే."

"గట్టిగానా?"

"నా చేతులకు వచ్చినంత."

"చేతులు కొంచెం దొప్పల్లా పెట్టి కొట్టాలమ్మా. లోపల గాలి నిండాలి. నేర్పుతాను ఉండండి."

ఆ గొడ్లపాకలో, పేడ వాసన మధ్య, ఊరికి సంగీతం చెప్పిన టీచరమ్మ పశువుల డాక్టరు దగ్గర చప్పట్లు కొట్టడం నేర్చుకుంది. మూడోసారికి ఆవు బెదిరింది. బాగా వచ్చింది, అన్నాడు డాక్టరు.

అప్పుడే నికీఫోర్ పరుగున వచ్చాడు. టోపీ చేతిలో ఉంది, ముఖాన చెమట ఉంది. క్రిస్మస్ ఇంకా వారమే. ఆ ఊళ్లో ప్రతి ఇంటి వెనకా పండక్కి కోయడానికి పెంచే, ఎవరికీ తెలియని ఒక పంది ఉంటుంది, ఆ సంగతి అందరికీ తెలుసు.

"డాక్టరు గారూ, మా పంది ముద్ద ముట్టడం లేదండీ."

"అయ్యో. ఎప్పటి నుంచి?"

"మొన్నటి నుంచి. పడుకున్నది లేవడం లేదు."

"చప్పట్లు కొట్టి చూశారా?"

నికీఫోర్ లియోంటినా వైపు చూశాడు. ఆవిడ ఆవు తోక వైపు చూస్తోంది.

"నేను మామూలు పశువుల డాక్టర్ని," అన్నాడు పాంఫిల్ విచారంగా. "ఈమధ్య నాకు మనసు బాగుండటం లేదు. ఆదివారాలు ఎక్కడికీ వెళ్లడానికి లేదు. చేతులు ఆడటం లేదు. పందికి పట్టిన దిగులే నాకూ పట్టింది."

"మీ కుర్చీ మీదే డాక్టరు గారూ. ఎప్పుడూ మీదే. నేనొద్దన్నానా? ఎవరో ఫిర్యాదు చేస్తే..."

"ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను," అంది లియోంటినా.

పంది బతికింది, అంటే క్రిస్మస్ దాకా. డాక్టరు కచేరీలకు తిరిగొచ్చాడు. జనవరిలో ఇద్దరూ కలిసి కొట్టారు. ఒకసారి లియోంటినా తొందరపడి అందుకోబోతే, డాక్టరు ఆవిడ మోచేయి పట్టుకుని చెవిలో చెప్పాడు, "ఆగండి, ఇంకా రెండుసార్లు విల్లు లాగాలి." ఫిబ్రవరికల్లా సగం హాలు కొట్టేది. కొందరికి ఎందుకో తెలుసు, కొందరికి తెలియదు. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పలేదు, తెలియనివాళ్లు అడగనూ లేదు. స్త్రోయెకు మేలుకోగానే చప్పట్లు వినబడేవి గనక, కచేరీ అయిపోయిందేమోనని ప్రతిసారీ కోటు గుండీలు పెట్టుకుని మళ్లీ విప్పుకునేవాడు. స్తంభం పక్కన వెటూరియా ఏడ్చిందో లేదో ఇక ఎవరికీ వినబడలేదు. నలుగురి మధ్య మామూలు మనిషిలా కూర్చుని, అయ్యాక శాలువ సర్దుకుని, ఒక్కతే ఇంటికి నడిచి వెళ్లేది. అప్పుడప్పుడు మెట్ల మీద లియోంటినా ఆవిడకు దారి ఇవ్వకుండా అడ్డంగా నిలబడి, బ్రెడ్డు దొరికిందా, మోకాలు నొప్పి ఎలా ఉంది అని గట్టిగా, అందరికీ వినబడేలా అడిగేది.

వసంతం వస్తుండగా రాజధాని నుంచి ఒక పేరున్న బృంద నాయకుడు వచ్చాడు. నాలుగు భాగాల సింఫనీ నడిపించాడు. మూడుసార్లు మధ్యలో హాలు మొత్తం మార్మోగిపోయింది. అయ్యాక అతిథిగదిలో చిన్న గ్లాసుల్లో ప్లమ్ సారా పోశారు. ఆయన ఒక గుక్క తాగి తల పట్టుకున్నాడు.

"నేను తిరగని ఊరు లేదు. కాని భాగానికీ భాగానికీ మధ్య చంటిపిల్ల దగ్గర్నుంచి ముసలమ్మ దాకా ఇలా చప్పట్లు కొట్టే ఊరు ఇంకోటి చూడలేదు. అడుగుతున్నానని ఏమీ అనుకోకండి, ఈ ఊళ్లో అసలు సంగీతం చెప్పింది ఎవరండీ?"

నికీఫోర్ గోడ చూశాడు. పాంఫిల్ గ్లాసులోకి చూశాడు. లియోంటినా తన గ్లాసు బల్లమీద పెట్టి ముందుకొచ్చింది.

"నేనేనండీ. ఈ హాల్లో సగంమందికి నేనే చెప్పాను."

"ఏం చెప్పారమ్మా?"

"అంతా సరిగానే చెప్పాను. వీళ్లే ఒక్కటీ గుర్తుపెట్టుకోలేదు," అంది లియోంటినా. "పిల్లలు మాత్రం మంచివాళ్లు."